ఫెయిలైతేనే సీటిచ్చే బడి

పరీక్ష పాసైందని ఒక పిల్లకు సీటు లేదు పొమ్మన్న బడి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, నా ఉద్యోగమంతా అందులోనే చేశాను.

ఈ మధ్య కొత్తగా ఈ పనిలో చేరిన అమ్మాయిలు మా ఇంటికొచ్చి, మీ అనుభవాలు రాయండి మేడం అని పోరుపెడుతున్నారు. నా అనుభవాల్లో సగం తిట్లు, మిగతా సగం తిట్టాక కుదుర్చుకున్న రాజీలు. నాకు ముక్కు మీద కోపం. నాతో పనిచేసిన వాళ్లను అడగండి, కాదనరు. అయినా ఒక్క ముచ్చట మాత్రం చెప్పుకోవాలని నాకూ ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే నాలో నేను నవ్వుకుంటాను, కళ్లు కూడా తుడుచుకుంటాను.

తొంభైల మొదటి రోజులు. నిజామాబాదులో ఒక పెంకుటింట్లో నడిచేది మా బడి. చెవులు వినపడని చిన్నపిల్లలకు మాట నేర్పడం మా పని. మూడేళ్లు నిండగానే చేర్చుకుంటే మాట పట్టుబడుతుంది. నాలుగైదేళ్లు దాటితే మాకూ కష్టం, పిల్లకూ కష్టం. ఈ సంగతి అప్పుడు ఊళ్లలో ఎవరికీ తెలియదు. అందుకే వారంలో సగం రోజులు నేను బడిలో ఉండేదాన్ని కాదు, బస్సుల్లో ఉండేదాన్ని. ఇందల్వాయి నుంచి బోధన్ దాకా ఏ ఊళ్లో ఏ అంగన్‌వాడీ టీచరు "మేడం, ఒక పిల్ల మాట్లాడతలేదు" అన్నా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయేదాన్ని.

అట్లా కబురొస్తే ఎడపల్లి వెళ్లాను. బీడీలు చుట్టేవాళ్ల వాడ. ప్రతి అరుగు మీదా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి తంబాకు నింపి చుడుతున్నారు. చేతులు వాటి పని అవి చేస్తుంటాయి, నోళ్లు వాటి పని అవి చేస్తుంటాయి. నేను వెతుక్కుంటూ వచ్చిన ఇంట్లో అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చున్నారు. అత్త మోకాలికి ఆనుకుని మూడున్నరేళ్ల ఆడపిల్ల కూర్చుని ఉంది. రెండు పిలకలు, పెద్ద కళ్లు. ఆ కళ్లు ఒక్క క్షణం కూడా ఊరుకోవు, అందరి ముఖాలూ చదువుతూనే ఉంటాయి.

నేను మాటల్లో పెట్టి, పిల్ల వెనకగా వెళ్లి చెంబు మీద గరిటెతో గట్టిగా కొట్టాను. పక్కింటి కుక్క లేచి నిలబడింది. పిల్ల కదల్లేదు. తల్లి నా వైపు చూసింది, నేను తల్లి వైపు చూశాను. ఆ చూపులోనే ఇద్దరికీ సంగతి అర్థమైంది.

పిల్ల నాయనమ్మకు, ఆ అవ్వకు మాత్రం అర్థం కాలేదు. కావాలని కూడా లేదు.

"ఇంటది మేడం. దానికి ఇష్టమైతె ఇంటది, లేకుంటె లేదు. మా ఇంట్ల అందరం గంతే," అంది. దవడలో ఆకూ వక్కా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకుని మళ్లీ అంది. "దాని నాయిన గూడ నాలుగేండ్ల దాక నోరు ఇప్పలే. ఇప్పుడు సూడుర్రి, మూయమంటె మూస్తలేడు."

చెవులు పరీక్ష చేయిద్దాం, బడికి తీసుకురమ్మని తేదీ చెప్పాను. వాడలో నలుగురూ వింటున్నారు. అవ్వ గొంతు తగ్గించింది. "పరీచ్చ అంటున్నవ్. మా అన్న మనుమనికి కాన్మెంటు బడిల గట్లనే పరీచ్చ వెట్టిన్రు. రంగులు చెప్పలేదని ఎల్లగొట్టిన్రు. మా పిల్లను గూడ ఎల్లగొడ్తరా?"

"మా బడి అసువంటిది కాదవ్వా" అన్నాను. అది చాలనుకున్నాను.

మా దగ్గర పరీక్ష ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. హైదరాబాదు నుంచి నెలకొకసారి వినికిడి డాక్టరు పెట్టెలో మిషను పెట్టుకుని రైలు దిగేవారు. మిషను కంటే ముందు చిన్న ఆట ఉండేది, అందులో తప్పిన పిల్లలకే మిషను. పిల్లను చాప మీద కూర్చోబెట్టి, చేతికి చింతగింజ ఇచ్చి, ఎదురుగా డబ్బా పెడతాం. ఇంట్లోవాళ్లు ఎదురుగా కూర్చుంటారు, లేకపోతే పిల్ల ఏడుస్తుంది. వెనక నుంచి డోలు మోగుతుంది. మోగగానే పిల్ల గింజను డబ్బాలో వేయాలి. వేస్తే ఆ చప్పుడు వినపడినట్టు. డోలు వాయించే ఉద్యోగం మా అటెండరు చాచాది. బడి గేటు తీయడం, నీళ్లు పట్టడం, అన్నీ ఆయన పనులే కానీ, అడిగితే మాత్రం "మై డోల్ బజాతా" అని, డోలు వాయించేవాణ్ననే చెప్పుకునేవాడు. డాక్టరుగారికి ఒక అలవాటు. గింజ వేసిన ప్రతి పిల్లకూ "వెరీ గుడ్" అని ఒక చాక్లెట్ ఇచ్చేవారు. వేయని పిల్లకు కూడా ఇచ్చేవారు కానీ, చివర్లో.

మొదటి నెల వాళ్లు ఆలస్యంగా వచ్చారు. చెరుకు బండ్ల రోజులు, ఎడపల్లి దగ్గర రోడ్డంతా బండ్లతో నిండి బస్సు కదల్లేదట. వీళ్లు వచ్చేసరికి డాక్టరుగారు చూడాల్సిన పిల్లల సంఖ్య నిండిపోయింది. వచ్చే నెల రమ్మన్నాం. తిరుగు బస్సుకు ఇంకా టైముంది కదా అని అవ్వ కిటికీ దగ్గర కూర్చుని, లోపల జరుగుతున్న పరీక్షలన్నీ సాయంత్రం దాకా చూసింది. పాపం, ఆసక్తి అనుకుని నేనే ఆమెకు టీ ఇప్పించాను.

రెండో నెల అందరికంటే ముందే వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు. పిల్లకు కొత్త గౌను. అవ్వ చాప ముందు మఠం వేసుకుని కూర్చుంది, తల్లి గోడ పక్కన నిలబడింది. చాచా డోలు అందుకున్నాడు.

ఢమ్మని మోగింది. పిల్ల గింజ వేసింది.

నేను ఉలిక్కిపడ్డాను. మళ్లీ మోగింది, మళ్లీ వేసింది. మెల్లగా మోగించమన్నారు డాక్టరు. చాచా వేలితో తట్టాడు. దానికీ వేసింది. గంట కొట్టారు, వేసింది. ఈల వేశారు, వేసింది. ప్రతిసారీ "వెరీ గుడ్." అవ్వ ముఖం వెలిగిపోతోంది. నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు కానీ, మా పెద్ద మేడం కళ్లద్దాల పైనుంచి నన్నే చూస్తోంది. ఈ ఊళ్లు తిరిగే పని దండగ అని ఆవిడ వాదన. ఆ రోజు ఆవిడకు మంచి ఊతం దొరికింది.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "పిల్లకు చెవులు బాగున్నాయమ్మా. అయినా ఒక్క మాట రాలేదంటే ఇబ్బంది చెవుల్లో లేదు, బుద్ధి ఎదుగుదలలో ఉంది. మీ బడి ఆమెకు కాదు. వేరే చోటికి రాసిస్తాను." మరి ఆయన తప్పు లేదు. ఎదురుగా కనపడింది అదే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఏడాదికి మా దగ్గర మిగిలింది ఒకే సీటు. చేరే పిల్లల పేర్లు ఆ సాయంత్రం డాక్టరుగారి వెంట హైదరాబాదు వెళ్లిపోతాయి. ఆ తర్వాత మళ్లీ వచ్చే జూన్ దాకా ఎవరినీ చేర్చుకోం. అప్పటికి ఈ పిల్లకు నాలుగేళ్లు దాటతాయి. అంతకంటే ఘోరం, చెవిటి పిల్లను బుద్ధిలేని పిల్ల అని రాస్తే ఆ మాట జీవితాంతం వెంటపడి వస్తుంది. మాట రాదు, ఎందుకు రాలేదో ఎవరూ అడగరు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నేను వెళ్లి తీసుకొచ్చి ఆ పిల్ల గొంతు కోసినట్టయింది.

మరి చెంబు? కుక్క లేచి నిలబడిన చప్పుడు వినని పిల్ల, చాచా వేలితో తట్టింది ఎట్లా విన్నది? చాచా నా దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు. "మేడం, నేను ఆఖరికి డోలు ముట్టుకోకుండా ఉత్తగనే చెయ్యి ఊపిన. అప్పుడు మాత్రం ఎయ్యలే." అంటే చప్పుడైతేనే వేస్తోంది. పిల్లకు నిజంగానే వినపడుతుందేమోనని నా అనుమానం ఇంకా పెరిగింది.

భోజనాల వేళ నేను నల్లా దగ్గర చేయి కడుక్కుంటుంటే పిల్ల తల్లి వచ్చింది. అంతవరకు ఆ అమ్మాయి నోరు తెరిచి నాతో ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి చూసుకుంది. అత్త అరుగు మీద పిల్లకు అన్నం తినిపిస్తోంది.

"మేడం, నేను చెప్పిన్నని అత్తకు చెప్పకుర్రి."

"చెప్పను చెల్లె, చెప్పు."

"అది డోలు ఇంటలేదు. అత్త నోరు సూస్తది." ఒక్క గుక్కలో చెప్పేసింది. "అత్త ఆకు నముల్తది గదా. డోలు మోగంగనే నమలుడు ఆపుతది. అత్త నోరు ఆగంగనే ఇది గింజ ఏస్తది. నెల సంది ఇంట్ల గిదే పని. నేను ఎనుక చాట కొట్టాలె, అత్త నోరు ఆపాలె, అది గింజ ఎయ్యాలె. ఏస్తె బెల్లం వెడ్తది."

అందరం పిల్లను చూస్తున్నాం, పిల్ల చేతిని చూస్తున్నాం. ఆకు నమిలే ముసలమ్మ నోటిని ఎవరు చూస్తారు? అదీ అవ్వ తెలివి. పోయిన నెల కిటికీలోంచి చూసి, గింజ వేసిన వాళ్లే పాసు, చాక్లెట్ వాళ్లకే, ఇక సీటు కూడా వాళ్లకే అని లెక్క తేల్చుకుంది.

"నువ్వెందుకు చెప్తున్నవ్ మరి?" అని అడిగాను తల్లిని.

"దానికి మాట రావాలె మేడం. పాసెందుకు నాకు?" అంది. ఆ అమ్మాయి ధైర్యం నేను ఎప్పటికీ మరిచిపోను. అత్త ఎదుట తలెత్తని కోడలు ఆ రోజు ఆ ఒక్క పని చేసింది.

నేను నేరుగా అరుగు దగ్గరికి వెళ్లాను. కోపం నషాళానికి ఎక్కి ఉంది. "అవ్వా, మీ ఇంటికొచ్చిన నాడు నేను చెంబు కొట్టిన. కుక్క లేసింది, పిల్ల లేవలే. గియ్యాల వేలితో తట్టిందానికి గింజెట్ల ఏసింది? నువ్వు దాని ముందట కూసొని ఏం జేసినవ్?" అని అరిచాను. కోడలి మాట బయటికి రానివ్వలేదు, అంతవరకు బుద్ధి ఉంది నాకు.

అవ్వ ముద్ద కలపడం ఆపలేదు. "ఏం జేసిన? నా మనుమరాలిని పాసు చేసిన. పరీచ్చ వెడితె పాసు గావాలె గాని ఫెయిలు గావాల్నా? పట్నంల పోరలకు ట్యూషన్లు వెడ్తరు. నేను ట్యూషన్ వెట్టిన. తప్పా?"

నా కోపం సగం దిగిపోయింది. ఏమనాలి ఆవిడను? పక్కన కూర్చున్నాను. "అవ్వా, ఇనవడేటోళ్లకు ఈ బళ్లె సీటు లేదు. నీ మనుమరాలు పాసయింది. అందుకే ఎల్లగొడ్తున్రు."

ఆవిడ చేయి ఆగింది. "ఫెయిలయితెనే సీటా?"

"ఫెయిలయితెనే."

"గిదేం బడి మేడం, ఉల్టా బడి," అంది. నేల చూస్తూ మళ్లీ అంది. "సీటు కోసం దాన్ని సెవిటిది అనిపియ్యాల్నా? వాడకట్టంత ఆ మాటనే అంటది. ఆ మాట అననియ్యొద్దనే గదా గిదంత."

"వాడోళ్లు ఒక మాట అంటరు అవ్వా. అది వాళ్లకు ఎదురు మాట అనేటట్టు చేసుడు మా పని," అన్నాను.

డాక్టరుగారు పెట్టె సర్దుకుంటున్నారు, రైలుకు టైమైంది. నేను సంగతి చెప్పాను. పెద్ద మేడం "ఇంకేం కథ ఇది" అంది. డాక్టరుగారు మాత్రం పెట్టె పక్కన పెట్టి చాప మీద కూర్చున్నారు. "నేను చేతినే చూశానమ్మా, కళ్లు ఎటు చూస్తున్నాయో చూడలేదు. అవ్వను బయట కూర్చోబెట్టి మళ్లీ చేద్దాం," అన్నారు.

అవ్వ గడప దాటగానే పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి ఎత్తుకున్నా ఆగలేదు. ఏడ్చే పిల్లకు పరీక్ష ఏం చేస్తాం? రైలు టైము దగ్గరపడుతోంది. అప్పుడు అవ్వే తిరిగి లోపలికి వచ్చింది. ఎప్పటిలాగే చాప ముందు మఠం వేసుకుని కూర్చుంది. బొడ్లోంచి సంచి తీసి ఆకు, వక్క నోట్లో వేసుకుంది.

"కొట్టు," అంది చాచాతో. "నేను నోరు ఆప."

పిల్ల ఏడుపు ఆపి గింజ పట్టుకుంది. అవ్వ నోటి మీదే కళ్లు. చాచా డోలు మోగించాడు. అవ్వ నములుతూనే ఉంది. పిల్ల గింజ పట్టుకునే ఉంది. ఇంకా గట్టిగా మోగించాడు, కిటికీ తలుపులు అదిరాయి. అవ్వ దవడ ఆగలేదు. పిల్ల చేయి కదల్లేదు. చాచా పిల్ల వెనకే వంగి, చెవి పక్కన, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. నేను చెవులు మూసుకున్నాను. పిల్ల ప్రశాంతంగా అవ్వ ముఖం చూస్తూ, నోరు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తోంది.

అవ్వ అప్పుడు చూసింది. నెల రోజులు తర్ఫీదు ఇచ్చిన మనిషికి కూడా అది ఇంతకుముందు కనపడలేదు. చప్పుడు ప్రతిసారీ ఆవిడ నోటి మీదుగానే పిల్లకు వెళ్లింది కదా, ఆవిడ నడుమ లేకపోతే ఏమీ వెళ్లడం లేదని ఎట్లా తెలుస్తుంది? కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోలేదు. నమలడం మాత్రం ఆపలేదు. డాక్టరుగారు చాలని చెయ్యెత్తే దాకా నములుతూనే ఉంది.

ఆయన మిషను పరీక్ష వచ్చే నెలకు పెట్టి, చేరే పిల్లల్లో ఈ పిల్ల పేరు రాసుకున్నారు. పిల్లకు చాక్లెట్ ఇచ్చారు.

తర్వాత అవ్వ నన్ను అడిగింది. "మేడం, దాన్ని పండవెట్టుకొని రోజు కతలు చెప్పిన. ఒక్కటి గూడ పోలేదా దానికి?"

"మాట పోలేదవ్వా. నీ మొకం చేరింది దానికి," అన్నాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందిని ఎదుటి మనిషి ముఖం నిలకడగా చూడటానికి అలవాటు చేసేసరికే మా తల ప్రాణం తోకకు వచ్చేది. ఈ పిల్ల ఆకు నమిలే దవడ ఎప్పుడు ఆగిందో కూడా పట్టేస్తుంది. పెదవుల కదలికను బట్టి మాట తెలుసుకోవడానికి అంతకంటే ఏం కావాలి? అవ్వ పెట్టిన దొంగ ట్యూషన్ మాకు పెద్ద సాయమే చేసింది. పెద్ద మేడం ఎదుట మాత్రం నేను ఆ మాట అనలేదు.

మొదట్లో ఇంటి మనిషి ఒకరు పిల్లతో పాటు రోజూ బడిలో కూర్చోవాలి. అవ్వే వచ్చేది, బోధన్ నుంచి వచ్చే బస్సులో. చాట తెచ్చుకుంటానంటే పిల్లల మధ్య తంబాకు కుదరదని పెద్ద మేడం గట్టిగా చెప్పింది. ఇద్దరూ పోట్లాడుకున్నారు. అవ్వ ఓడిపోయింది కానీ చేతులు ఊరుకోలేదు. చిత్తు కాగితాలు చించి వరసగా బీడీల్లా చుట్టి పెట్టేది. పిల్లలు వాటితో లెక్కలు నేర్చుకున్నారు. పిల్ల ఛాతీ మీద చిన్న డబ్బీ లాంటి వినికిడి మిషను, దాని నుంచి చెవికి తీగ. మొదటి రోజు అవ్వ ఆ మిషను ముందు నోరు పెట్టి ఊళ్లో వార్తలన్నీ చెప్పింది. పిల్ల బెదిరిపోయి తీగ పీకేసింది. అట్లా కాదవ్వా, మెల్లగా, ఒక్కో మాట అని నేను కసురుకునేదాన్ని. "నేను ఒక్కో మాట ఎన్నడు మాట్లాడిన మేడం?" అనేది.

నెలలు గడిచాయి. పిల్ల అన్నీ చూస్తుంది, చూపిస్తే చేస్తుంది, గొంతులోంచి చప్పుళ్లు చేస్తుంది. మాట మాత్రం రావడం లేదు. తల్లి అప్పుడప్పుడు బస్టాండు దగ్గర కనపడి ఏమీ అడగకుండా చూసేది. అడిగినా బాగుండేది. వానలు మొదలయ్యాక అవ్వ బదులు ఆమె రావడం మొదలుపెట్టింది. అవ్వకు మోకాళ్ల నొప్పులు.

ఒక రోజు పొద్దున ప్రార్థన కాకముందే అవ్వ దిగింది. కోడలు, పిల్ల వెనకాల వస్తున్నారు. అవ్వ ముఖం చిటపటలాడుతోంది. చేతిలో పొట్లం.

"నా మనుమరాలిని పాడు చేసిన్రు మేడం," అంది.

"ఏమైందవ్వా?"

"నిన్న దానికి బువ్వ తినవెడ్తున్న. ఇంకొక్క ముద్ద అని నోటికాడ వెట్టిన. నా చెయ్యి పక్కకు నూకి, వద్దు అన్నది."

"నూకిందా, అన్నదా?" అని అడిగాను. మా పనిలో ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

"అన్నది. కోడలు గూడ ఇన్నది. నిజమా అబద్ధమా అని ఇంకో ముద్ద వెట్టిన. మల్ల అన్నది. ఇంకోటి వెట్టిన, మల్ల అన్నది. గిన్నెడన్నం నేలపాలైంది మేడం." అని మళ్లీ అంది. "నా పెండ్లయిన సంది నాకు ఎదురు చెప్పినోళ్లు లేరు మా ఇంట్ల."

కోడలు చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అవ్వ పొట్లం విప్పింది, చక్కెర. చాచా నోట్లో వేసింది, నా నోట్లో వేసింది, పెద్ద మేడం వద్దంటున్నా ఆవిడ నోట్లోనూ వేసింది. వరసగా పిల్లలందరికీ పెట్టి, చివరికి మనవరాలి దగ్గరికి వచ్చి వంగి, చిటికెడు చక్కెర నోటికి అందించింది.

పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. రెండు పెదవులూ కూడదీసుకుంది.

"వద్దు," అంది. మొద్దుగా, ముక్కుతో వచ్చినట్టుగా ఉంది. కానీ గది అవతలి గోడ దాకా వినిపించింది.

అవ్వ చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. నా వైపు తిరిగింది.

"ఇన్నవా మేడం?"

"ఇన్న అవ్వా," అన్నాను.